వద్దని చెప్పడానికి కూడా ఫీజా?

ఫరీదాబాద్ సెక్టార్ 12లో మినీ సచివాలయం దగ్గర కాసేపు నిలబడితే దేశంలో పోటీకి కొదవ లేదని తెలిసిపోతుంది. రేకుల షెడ్డులో ఒకాయన, గొడుగు కింద ఇంకొకాయన, ముందు కంప్యూటరూ ప్రింటరూ. మనిషి కనబడితే చాలు, "సార్‌జీ, రిజిస్ట్రీయా?" టోకెన్, స్టాంపు చలానా, ప్రాపర్టీ ఐడీ, సాక్షులు అన్నీ కలిపి ఒకటే రేటు. పక్కాయన కంటే ఐదొందలు తక్కువే.

దస్తావేజు రాయడం కూడా చూడముచ్చటగా ఉంటుంది. నిన్నటి ఫైలు తెరిచి నిన్నటాయన పేరు చెరిపి మీ పేరు కొడతాడు. "సదరు ఆస్తిపై తాకట్లు, తగాదాలు ఏవీ లేవు" అన్న వాక్యం జోలికి మాత్రం పోడు. మీరు ఇల్లు చూడకముందే అది అక్కడ టైపయి ఉంది. లింకు డాక్యుమెంట్లు చూశారా అని అడిగితే నొచ్చుకుంటాడు: "రాయడం వరకే నా పని సార్. చూడాలంటే వకీలు సాబ్ ఉన్నారుగా!"

ఉన్నారు. కానీ బార్ కౌన్సిల్ నిబంధన 36 ప్రకారం లాయరు ప్రకటనలిచ్చి గిరాకీ పిలుచుకోకూడదు. కాగితాలు చదవగలిగినవాడు నోరెత్తకూడదు, చదవనివాడు పొద్దస్తమానం కేకలేయొచ్చు. రిజిస్ట్రీ చేసే తహసీల్దారు చూస్తాడులే అనుకుంటారేమో! 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద ఆయన నమోదు చేసేది లావాదేవీనే. అమ్మేవాడికి హక్కుందని పూచీ పడడు. ఇంగ్లండులో ఇళ్ల దస్తావేజుల పని సొలిసిటర్ల గుత్తసొత్తుగా ఉండేది. 1985 చట్టంతో దాన్ని తెంచి, లైసెన్సున్న కన్వేయన్సర్లను కూడా రానిచ్చారు. అక్కడ పోటీ హక్కులు పరిశీలించేవాళ్ల మధ్య. ఇక్కడ ప్రింటర్ల మధ్య.

ఖర్చు చూడండి. కోటి రూపాయల ఫ్లాటుకు హర్యానా పట్టణాల్లో స్టాంపు సుంకం మగవాడి పేరైతే 7 శాతం, ఆడవాళ్ల పేరైతే 5. ఇల్లాలి పేర కొంటే రెండు లక్షలు మిగులు. ఈ లెక్క తెలిసిన రోజే జలవిద్యుత్ సంస్థలో ఇంజనీరైన మా కాకినాడ బావగారికి స్త్రీ సాధికారత మీద గురి కుదిరింది. బ్రోకరుకు ఒక శాతం, అంటే లక్ష; మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. కాగితాలు చదవడానికి లాయరు పదిహేను వేలడిగితే మాత్రం మండిపడ్డారు.

"నాలుగు కాగితాలు తిరగెయ్యడానికి అంతా? పైగా చదివి వద్దంటే? కొనని ఇంటికి ఫీజేమిటోయ్!"

"మరి ఎవరు చూస్తారు బావగారూ?"

"బ్యాంకువాళ్ల లాయరు చూస్తాడుగా."

చూస్తాడు. ఆ ఫీజు మన ఖాతాలోంచే పోతుంది, రిపోర్టు మాత్రం బ్యాంకు బీరువాలోకి పోతుంది. ఆయన చూసేది అప్పు క్షేమం.

ఇదే ఫరీదాబాద్‌లో, సూరజ్‌కుండ్ దగ్గర కాంత్ ఎన్‌క్లేవ్‌లో కొన్నవాళ్ల దగ్గర కాగితాలు లేవా? ప్రభుత్వ శాఖ అనుమతులే ఉన్నాయి. ఆ నేలను అడవిగా కాపాడాలని 1992 ఆగస్టు 18న నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాత కట్టినవన్నీ కూల్చెయ్యమని 2018 సెప్టెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇల్లు కట్టుకున్నవాళ్లకు 50 లక్షల చొప్పున పరిహారం. ఆ నోటిఫికేషన్ పక్కన పెట్టుకుని ఒక్క మధ్యాహ్నం కూర్చుని చదివేవాడి ఫీజు ఎంతై ఉండేదో లెక్కేసుకోండి. అయినా సూరజ్‌కుండ్ మేళాకు వెళ్లే దారిలో ఈ సంగతి చెబితే బావగారు "అది పెద్దవాళ్ల గొడవలే" అని కిటికీ అద్దం ఎక్కించేశారు.

పోయిన వారం నహర్‌పార్‌లో ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చొచ్చారు. ఎవరికైనా చూపించారా అన్నాను.

"చూపించకుండా కొంటామా! విజయవాడ సిద్ధాంతిగారికి వీడియో కాల్‌లో గది గదీ చూపించాం. మొదటి ఫ్లాటు ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉందని వద్దనేశారు. మహానుభావుడు, కాపాడాడు."

వద్దన్నందుకు 5,116. ఇప్పుడు సరేనన్నందుకు ఇంకో 5,116, పట్టుపంచెల చాపు. బేరమాడలేదట.