నేను బేరింగు బండిని

ఒక చెక్క పలక, రెండు కర్ర ఇరుసులు, మూడు బేరింగులు, లాగడానికో తాడు. నా ఒళ్ళంతా ఇంతే. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో యాభై ఏళ్ళ కిందట పుట్టాను. నన్ను చేసినవాడికి అప్పుడు పదకొండేళ్ళు. వాళ్ళ తాత బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. తండ్రి అక్కడే ఫిట్టరు. ఆ ఇంట్లో పనిముట్లకు కొదవ లేదు, ఆటబొమ్మలు కొనే స్తోమత లేదు.

నా పలక పార్సిలు పెట్టెది. బేరింగులు స్కూటర్ల షాపువాడు అరిగిపోయాయని పారేసినవి. వెనక రెండు, ముందు ఒకటి. ఇరుసు కొన లావై బేరింగులోకి దిగలేదు. వాడు కత్తితో చెక్కాడు. ఈసారి వదులైంది. పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే బిగిసి కూచుంది. డ్యూటీ దిగి వచ్చిన తండ్రి వేలితో బేరింగు తిప్పి చూశాడు. “గ్రీజు పెట్టరా, లేకపోతే అరిగిపోతాది” అన్నాడు. వాడి జీవితంలో అదే మొదటి ఇంజనీరింగు పాఠం.

సాయంత్రం సైరను మోగి, వర్క్‌షాపు సైకిళ్ళన్నీ ఇళ్ళకు మళ్ళాక రోడ్డు మాదే. ఒకడు కూచునేవాడు, ఇంకొకడు తోసేవాడు. వీధి చివరికి వినబడేది నా గరగర. ఎన్ని మోకాళ్ళు చెక్కుకుపోయాయో లెక్క లేదు. ఏడ్చినవాడే మళ్ళీ ముందొచ్చి ఎక్కేవాడు. ఆ తర్వాత ఎన్ని క్వార్టర్లు మారినా నన్ను పారేయలేదు. ఒక అటక మీంచి ఇంకో అటక మీదికి మోసుకొచ్చారు.

నన్ను చేసినవాడు ఇప్పుడు తాత. మొన్న దసరా సెలవుల్లో మనవడు స్కేట్‌బోర్డు పట్టుకొచ్చాడు. “ఏటిరా ఇది? మా బేరింగు బండే కదా!” అంటూ తాత అటకెక్కి నన్ను దించాడు. ఆ రాత్రి వరండాలో అదీ నేనూ పక్కపక్కన ఉన్నాం. దానిది ఏడు పొరల మేపుల్ చెక్క. నాలుగు చక్రాలు, చక్రానికి రెండేసి చొప్పున ఎనిమిది బేరింగులు. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22. చిన్నవే గానీ నా జాతివే. నాకు కొత్త ప్రాణం వచ్చినట్టయింది.

మా ఇద్దరి పుట్టుకా ఒకటే. 1950లలో కాలిఫోర్నియా పిల్లలు పాత రోలర్ స్కేట్ల చక్రాలు పీకి పలకలకు మేకులతో కొట్టుకున్నారు. అట్నుంచి స్కేట్‌బోర్డు వచ్చింది. తొలి రోజుల్లో మట్టి చక్రాలుండేవి, చిన్న గులకరాయి తగిలినా మనిషి బోర్లా పడేవాడు. 1970లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే కుర్రవాడు వర్జీనియాలో ఒక ప్లాస్టిక్ కార్ఖానాలో యురేథేన్ చక్రాలు చూశాడు. తన బోర్డుకు బిగించుకుని చూస్తే రోడ్డు మెత్తబడింది. తర్వాత కాలిఫోర్నియాలో కాడిలాక్ వీల్స్ పేరుతో అమ్మాడు. ఆట రూపమే మారిపోయింది. 1978లో స్టేసీ పెరాల్టా అనే ఆటగాడు, జార్జ్ పావెల్ అనే ఇంజనీరుతో కలిసి కంపెనీ పెట్టాడు. వాళ్ళ జట్టులో ఆడుతూ ఎదిగినవాడే టోనీ హాక్.

టోనీకి తొమ్మిదేళ్ళప్పుడు అన్న ఒక పాత నీలం బోర్డు ఇచ్చాడు. తండ్రి తన చేత్తో ర్యాంపులు కట్టిచ్చాడు. పద్నాలుగో ఏట టోనీ ప్రొఫెషనల్ అయ్యాడు. 1990ల మొదట్లో స్కేట్‌బోర్డు వ్యాపారం కూలింది, ఆటగాళ్ళ రాబడి పోయింది. సరిగ్గా అప్పుడే, 1992లో, పెర్ వెలిండర్‌తో కలిసి అతను బర్డ్‌హౌస్ అనే బోర్డుల కంపెనీ పెట్టాడు. 1999 జూన్ 27న ఎక్స్ గేమ్స్ పోటీల్లో పడుతూ లేస్తూ చివరికి గాలిలో రెండున్నర చుట్లు తిరిగి నిలబడ్డాడు. 2002లో పేద పేటల్లో స్కేట్‌పార్కులు కట్టించడానికి ఫౌండేషన్ పెట్టాడు. అతని బోర్డుల వ్యాపారానికి పునాది ఆ మోకాలి దెబ్బలే. చక్రం ఎలా ఉండాలో పడినవాడికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

మన దేశంలోనూ దారి పడింది. మధ్యప్రదేశ్‌లో జన్వార్ అనే పల్లెలో 2015లో స్కేట్‌పార్కు వచ్చింది. బడికి వెళ్ళకపోతే బోర్డు లేదు, ఆడపిల్లలదే ముందు వంతు అని అక్కడి నియమం. చక్రాల మీద మనవాళ్ళూ తక్కువ తినలేదు. హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యమ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగులో రెండు కాంస్యాలు తెచ్చాడు.

న్యూ సెటిల్‌మెంట్ పెద్దలారా, మన ఊరు ఇనుమును అరగదీసి పని నేర్చుకున్న ఊరు. మన పిల్లల వేళ్ళలో ఆ పనితనం ఉంది. ఒక మైదానం మూలన నున్నటి సిమెంటు గచ్చు వేయించండి. బోర్డు కొనిస్తే కొనివ్వండి గానీ, దాన్ని విప్పి మళ్ళీ బిగించడం కూడా నేర్పండి. రేపు బోర్డులు చేసి అమ్మేవాడు ఇక్కడి నుంచే లేవవచ్చు.

మర్నాడు పొద్దున మనవడు నా బేరింగులు విప్పి కిరోసిన్‌తో కడిగాడు. తాత పక్కన కూచుని గ్రీజు అందించాడు.