మా రోజుల్లో ట్యాంకర్లు లేవు

ఆత్మకూరు నుంచి అడవిలో పడి శ్రీశైలానికి నడిచిపోయే దారి ఏ ఇంజనీరూ గీసింది కాదు. నీళ్లు ఎక్కడుంటే అక్కడికి పోయింది. నాగలూటిలో కోనేరు, పెద్దచెరువులో చెరువు, మఠం దగ్గర బావి, లోయ అడుగున భీముని కొలను. ఒక నీటి నుంచి ఇంకో నీటికి, ఎండ ముదరకముందే చేరేటట్టు మజిలీలు. శివరాత్రి నాటికి నల్లమలలో వాగులు చాలావరకు ఎండిపోయి ఉంటాయి. నల్లమద్ది, ఏగిస, చిరుమాను ఆకు రాల్చి నీడ పలచబడి ఉంటుంది. ఉగాదికైతే చెప్పనే అక్కర్లేదు. అట్లాంటి కాలంలో నలభై కిలోమీటర్లకు తక్కువ కాని అడవి దాటాలంటే నీళ్ల లెక్క తప్ప ఇంకో లెక్క లేదు. ఈ సంగతి తెలిసినవాడికి ఆ దారి ఎందుకు అన్ని వంకర్లు తిరిగిందో ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నడిచేవాళ్లకు ఈ సంగతి తెలీదు. తెలుసుకునే అవసరమూ లేదు. నీళ్లే ట్యాంకరెక్కి వాళ్ల దగ్గరికి వస్తున్నాయి. నా సణుగుడంతా దీని మీదే. మిగతా ఫిర్యాదులన్నీ దీనికి పుట్టిన పిల్లలు.

ముందు ఊరి సంగతి చెబుతాను. ఆత్మకూరును 2022 నుంచి నంద్యాల జిల్లా అంటున్నారు. మా నాలుక మీద మాత్రం ఇంకా కర్నూలు జిల్లానే. అడవి అంచున ఉన్న అంగడి ఊరు అది. ఇటు మైదానం నుంచి జొన్నలు, చెనిక్కాయలు వచ్చేవి, అటు అడవి నుంచి తేనె, బంక, సారపప్పు, తునికిపండ్లు దిగేవి. చెంచులు వాటిని దించి ఉప్పు, గుడ్డ, గింజలు కట్టుకొని పోయేవాళ్లు. తూకంలో వాళ్లను మోసం చెయ్యని అంగడి కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. అందుకే కదా 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది! మా రోజులన్నీ బంగారమని నేననను. నీళ్ల విషయంలో మాత్రం మా బుద్ధి బాగుండేది, అంతే అంటాను.

శివరాత్రి దగ్గర పడితే ఊళ్లో కాలు పెట్టే సందుండేది కాదు. నందికొట్కూరు వైపు నుంచి, కర్నూలు వైపు నుంచి బండ్లు కట్టుకొని జనం దిగేవాళ్లు. బొరుగుల అంగడి, బెల్లం అంగడి, లాంతర్లకు చిమ్నీలు అమ్మేవాడు, అందరికీ పండగే. అందరికంటే గిరాకీ చెప్పులు కుట్టే ఆయనకు. పాత చెప్పులకు కొత్త అట్ట వేయించుకొనేవాళ్లే అందరూ. కొండకు కొత్త చెప్పులతో బయల్దేరే పిచ్చోడు ఎవడూ ఉండేవాడు కాదు. ఇప్పుడు నడకకని ప్రత్యేకంగా బూట్లు కొంటున్నారు, డబ్బా విప్పిన మర్నాడే అడవిలోకి దిగుతున్నారు. నాగలూటికి చేరేసరికి రెండు మడమలకూ బొబ్బలు. అక్కడ మందుల శిబిరం ముందు కూర్చొని పట్టీలు వేయించుకుంటూ, కొండ చాలా కష్టం తాతా అంటారు నాతో. కొండది కాదు నాయనా తప్పు, డబ్బాది.

మా సద్ది మూట చిన్నది. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, బొరుగులు, బెల్లం. నీళ్లకు సొరకాయ బుర్ర. ఆ బుర్రలో పట్టేది ఒక మజిలీకి సరిపోయే నీళ్లే, అందుకే గుటక గుటకకూ లెక్కుండేది. మా జేజినాయన దారిలో బుర్ర అడిగితే ఇచ్చేవాడు కాదు. "ఇంకో మలుపు తిరుగు, ఇస్తా" అనేవాడు. ఆ మలుపు తిరిగాక ఇంకో మలుపు. నాగలూటి వీరభద్రుడి గుడి కనపడేదాకా అట్లా మలుపుల మీదే నడిపించాడు. ఆయన్ను అప్పుడు తిట్టుకున్నా. ఇప్పుడు మా మనవళ్లు సీసా సగం తాగి, మిగతాది నెత్తిన గుమ్మరించుకొని, ఖాళీ సీసా పొదలోకి విసరడం చూస్తే ఆ ముసలాయన నాకు దేవుడిలాగా కనిపిస్తాడు.

గుంపుకు ఒక పద్ధతుండేది. ముందు నడిచేది బలమైనవాడు కాదు, గుంపులో అందరికన్నా నిదానంగా నడిచే ముసలామె. ఆమె అడుగే మా అందరి అడుగు. ఆమె కూర్చుంటే అందరం కూర్చున్నట్టే. దానివల్ల ఎవరూ వెనక పడేవాళ్లు కాదు, ఎలుగొడ్డుకు ఒంటరిగా దొరికేవాళ్లు కాదు. ఇప్పటి కుర్రోళ్లు ముందే పరిగెత్తి, చేతి గడియారంలో ఎన్ని అడుగులేశామో చూసుకొని, రాళ్ల మీద కూలబడి ఉంటారు. వాళ్ల అవ్వ ఎక్కడో వెనక కట్టె పోటేసుకుంటూ వస్తుంటుంది. "మీ అవ్వేదిరా?" అంటే "వస్తుంది తాతా, ఫోన్ ఉంది ఆమె దగ్గర" అని జవాబు. సిగ్నల్ లేని అడవిలో ఫోనుంటే ఎంత, లేకుంటే ఎంత?

నీళ్ల దగ్గరకొస్తే ఇంకో మర్యాద. కోనేట్లోకి కాళ్లు పెట్టకూడదు. ముంత ముంచుకొని గట్టు మీదికొచ్చి కడుక్కోవాలి. వెనకొచ్చే గుంపు కూడా ఆ నీళ్లే తాగాలని అందరికీ తెలుసు. నీళ్లు తాగి లేచేటప్పుడు ఎండుటాకులో, పుల్లలో నీటి మీద తేలుతుంటే పక్కకు తీసిపోవడం చిన్నపిల్లల పని. ఆ పని నాదే. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ స్వచ్ఛంద సేవ అనలేదు, చొక్కా మీద బొమ్మ వేయించుకోలేదు.

ఈ దారి మా తాతలతో మొదలైందీ కాదు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చరిత్రకారులు రాస్తారు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ కైలాసద్వారానికి ఎక్కే రాతిమెట్లను రెడ్డిరాజుల నాటివనే మా వాళ్లు చెప్పుకునేవాళ్లు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆత్మకూరు వచ్చి, ఈ దారినే శ్రీశైలం పోయాడు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను ఆయన మజిలీలు కూడా. ఏ మజిలీలో బస ఎట్లుందో, నీళ్లు ఎట్లున్నాయో రాసుకుంటూ పోయిన మనిషి. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలోని మజిలీలు మేం నడిచేనాటికీ మారలేదు. నీళ్లు మారలేదు కాబట్టి.

మరి ఎప్పుడు మారాయంటే, రోడ్డు బలిసినప్పుడు. 1963లో నెహ్రూ వచ్చి శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశాడు. ఆ తర్వాత కొండ మీదికి సిమెంటు, ఇనుము, కూలీలు, బస్సులు. దోర్నాల నుంచి ఘాట్ రోడ్డులో కూర్చొని పోతే గంటల్లో స్వామి ముందుంటావు. మోకాళ్లు నొప్పులున్న అవ్వలకు అది వరమే, నేను కాదనను. కానీ మోకాళ్లు బాగున్నవాళ్లు కూడా ఎక్కేశారు. ఏడాది పొడుగునా కాళ్లు పడాల్సిన దారి పండగనాటి దారి అయిపోయింది.

అడవికి పులి తాళం పడింది కూడా ఆ రోజుల్లోనే. 1978లో అభయారణ్యం అన్నారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. ఇప్పుడు శివరాత్రికీ ఉగాదికీ కొన్నాళ్లు మాత్రం నడవనిస్తారు. దీని మీద నాకు సణుగుడు లేదు. పులి ఉంటేనే అడవి ఉంటుంది, అడవి ఉంటేనే ఊట ఉంటుంది. శ్రీశైలం ఘాట్‌లో రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే విసుక్కునే కార్లవాళ్లను చూసి నేను లోలోపల సంతోషిస్తాను. వచ్చిన చిక్కల్లా ఏమంటే, తెరిచిన ఆ కొద్దిరోజుల్లోనే జనమంతా ఒక్కసారిగా విరుచుకుపడతారు. పాత కోనేళ్లు అంతమందికి చాలవు. అందుకని ట్యాంకర్లు, నీళ్ల పొట్లాలు, అడుగడుగునా అన్నదానం పందిళ్లు. దాతలకు దండం పెడతాను. కానీ పందిరి పందిరికీ తింటూ పోయే నడకలో ఆకలెక్కడిది? ఉప్మా అరగకముందే పులిహోర, దాని వెనకే మజ్జిగ. పేపరు ప్లేట్లు చెట్ల కింద కుప్పలు. ప్లాస్టిక్ తేవద్దని గేటు దగ్గరే చెబుతారు, అడవిలోకి వచ్చాక సీసాలు ఎట్లా పుట్టుకొస్తాయో ఆ మల్లన్నకే తెలియాలి. వీటన్నిటి మీద మెడలో స్పీకరు వేలాడేసుకొని సినిమా పాటలు. మేం అరిచిన అరుపు ఒక్కటే, హర హర మహాదేవ. అదీ మలుపు తిరిగినప్పుడు, వెనకున్నవాళ్లకు ధైర్యానికి.

ఒక్క కన్నడం వాళ్లను మాత్రం నేనేమీ అనను. బెళగావి, విజయపుర, బాగల్‌కోట వైపు నుంచి ఉగాదికి ఇప్పటికీ నడిచే వస్తారు. భుజాన కావడి, కొందరైతే కాళ్లకు మరగాళ్లు కట్టుకొని ఆ రాళ్ల మీద నడుస్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని చీర, పసుపు, కుంకుమ మోసుకొస్తారు. చెంచులేమో మల్లన్న మా అల్లుడంటారు. అల్లుడొకడు, అత్తవారిళ్లు రెండు. ఇద్దరిలోనూ ఆ చుట్టరికం ఉంది కాబట్టే అడవిలో ఎట్లా మసలుకోవాలో వాళ్లకు తెలుసు. చుట్టాల ఇంటికి పోతూ దారిలో ఎవడైనా చెత్త పోస్తాడా?

ఇక చెంచుల మాట. మా రోజుల్లో గుంపుకు తోడుగా ఒక చెంచు వచ్చేవాడు. ఏ బండ వెనక చెలమ ఊరుతుందో, ఏ చెట్టుకు కొండతేనెటీగల పట్టుందో, ఎక్కడ పొగ పెట్టకూడదో చెప్పేవాడు. ఇప్పుడు బైర్లూటిలో, పచ్చర్లలో జంగిల్ క్యాంపులు వచ్చాయి. డబ్బు కడితే గుడారం, భోజనం, జీపులో అడవి చూపించడం. దానివల్ల కొంతమంది చెంచు పిల్లలకు పని దొరికిందంటే మంచిదే. కానీ జీపులోంచి నీటిగుంట దగ్గర జింకను ఫొటో తీసుకొని పోయేవాడు ఆ గుంట ఎట్లా నిండుతుందో అడుగుతున్నాడా?

ఇంకొందరున్నారు. కైలాసద్వారం దాకా కారులో వచ్చి, మెట్లు దిగి భీముని కొలను చూసి, మళ్లీ ఎక్కి, మేమూ నడిచాం అంటారు. పోనీలే అనుకుంటాను. ఆ మెట్లు ఎక్కేటప్పుడు గసపెట్టని మనిషి లేడు, దాంట్లో మాత్రం మాకూ వాళ్లకూ తేడా లేదు.

సణిగి ఊరుకుంటే లాభం లేదు కాబట్టి చివరికి రెండు మాటలు. ట్యాంకర్లకూ పందిళ్లకూ ఏటేటా పోసే డబ్బులో కొంత తీసి పాత నీళ్ల మీద పెట్టండి. నాగలూటి కోనేరు పూడిక తీయండి, మఠం బావికి గట్టు కట్టండి, పెద్దచెరువు కట్ట చూసుకోండి. వానాకాలం ముందు చేస్తే పండగనాటికి మనుషులకే కాదు, మిగతా రోజుల్లో అడవి జంతువులకూ అక్కరకొస్తాయి. ఆ పని చెంచులకే ఇచ్చి, కూలి సరిగ్గా కట్టండి. తూకంలో మా పెద్దలు కొట్టేసిందాంట్లో కొంతైనా తీరుతుంది.

నడిచేవాళ్లకైతే ఒకటే మాట. సీసాలు మానేసి ఎవరి చెంబు వాళ్లు తెచ్చుకోండి. ట్యాంకరు కనపడ్డా ఆగకుండా కోనేటిదాకా పోయి తాగండి. నీళ్లు ఉప్పగా ఉన్నాయో, తియ్యగా ఉన్నాయో నాకు చెప్పండి, వాదించడానికి నేనెప్పుడూ సిద్ధమే. మినరల్ వాటర్‌లాగా లేవని మాత్రం నా ముందు అనొద్దు.