డెబ్బై గారు

డెబ్బై ఆయన వయసు కాదు, పరువు. స్టీమిట్‌లో పేరు పక్కన బ్రాకెట్లో మెరిసే రెప్యుటేషన్ అంకె. 2016లో మొదలైన ఆ సైటులో రాతకు ఓట్లు పడితే క్రిప్టో డబ్బు వస్తుంది, అంకె కూడా పెరుగుతుంది. కొత్తగా చేరినవాడికి 25 ఇచ్చి కూర్చోబెడతారు. అందుకే డెబ్బై గారు పలకరించే ముందు మనిషిని చూడరు, బ్రాకెట్ చూస్తారు. అరవై దాటితే ‘బ్రదర్’. నలభైల్లో ఉంటే ‘థాంక్స్’. పాతికైతే ఆ కామెంటు ఆయన కంట పడనే లేదు.

ఇంత పరువు ఎలా వచ్చిందండీ అంటే, ‘రాసి రాసి వేళ్ళరిగాయి’ అంటారు. ఆ అరిగిన వేళ్ళు మొన్న రాసింది: కాఫీ కప్పు ఫొటో, కింద ‘గుడ్ మార్నింగ్ స్టీమియన్స్’, ఆ కింద ఐదు ట్యాగులు. అసలు కథ 2018 నాటిది. అప్పట్లో ఓట్లు అమ్మే బాట్లుండేవి. నాలుగు నాణేలు పంపి, మెమోలో పోస్టు లింకు అతికిస్తే చాలు, పెద్ద ఓటు వచ్చి పడేది. బాట్ చదవదు కాబట్టి ఆయన శైలికి ఏనాడూ వంక పెట్టలేదు.

బాట్ల జోరు తగ్గాక మిత్రమండలి మిగిలింది. నాది నువ్వు నొక్కు, నీది నేను నొక్కుతా. అక్కడ ఓటు విలువ చదివినవాడి శ్రద్ధను బట్టి కాదు, వాడు సైటులో తాళం వేసి దాచుకున్న నాణేలను, అంటే స్టీమ్ పవర్‌ను బట్టి. వ్యాసం ఆసాంతం చదివి మెచ్చుకున్న బక్కప్రాణి ఓటుతో అంకె కదలదు. తెరవకుండా నొక్కిన ఆసామి ఓటుతో గంతేస్తుంది. పైగా అది లాగరిథం లెక్క, తొమ్మిది పాయింట్లకోసారి పదింతలు. అంటే 34 వాడికీ మన డెబ్బై గారికీ మధ్య పదివేల రెట్ల దూరం. ఈ లెక్క ఆయనకు కంఠతా వచ్చు. మిగతా లెక్కల్లో అంత గట్టివారు కారు.

ఆయనకు బాగా నచ్చిన రూలు ఇంకొకటుంది. తక్కువ అంకె వాడు డౌన్‌వోటు కొడితే పోస్టు మీద వచ్చే డబ్బు తగ్గొచ్చు గానీ, పై అంకె వాడి పరువుకు ఈగ వాలినట్టు కూడా ఉండదు. దాంతో డెబ్బై దాటిన వాళ్ళ జాబితా ఒకటి పెట్టుకున్నారు. ఆయన వినయమంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఏడాదిపాటు ఏమీ రాయకపోయినా అంకె అరగదు. 2020 మార్చిలో సైటుకు ఆధారమైన స్టీమ్ బ్లాక్‌చెయిన్ చీలి హైవ్ అనే మరొకటి పుట్టినప్పుడు ఖాతాలతో పాటు అంకెలూ అటు వెళ్ళాయి. ఒక్క ముక్క రాయకుండా డెబ్బై గారు రెండు ఊళ్ళ పెద్దమనిషయ్యారు.

ఈమధ్య ఒక పాతిక కుర్రాడు, ‘సార్, ఈ కాఫీ కప్పు ఫొటో ఇంకొకరిది’ అని అసలు లింకుతో సహా కామెంటు పెట్టాడు. డెబ్బై గారు జవాబివ్వలేదు. తన స్టీమ్ పవరంతా కూడగట్టి డౌన్‌వోటు కొట్టారు. మిత్రమండలి కూడా తలో చెయ్యి వేసింది. కుర్రాడి అంకె 16కి దిగింది.

అప్పుడు దాన్నే అందరికీ చూపించి, ‘పదహారు! ఇలాంటి వాడి మాట ఎవరైనా నమ్ముతారా?’ అన్నారు.