పర్సంటేజీ పెదనాన్న

పెళ్లి భోజనాల బంతిలో, గృహప్రవేశంలో పాలు పొంగేలోపు, ఆఖరికి పరామర్శకి వెళ్లిన ఇంట్లో కూడా, కుర్రాడు కంటపడితే చాలు "ఎంతొచ్చాయిరా?" అని అడిగే పెద్దమనిషి ప్రతి తెలుగు కుటుంబానికీ ఒకరుంటారు. వరసకి ఆయన బాబాయి కావచ్చు, మేనమామ కావచ్చు, ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరూ కావచ్చు. మనం పర్సంటేజీ పెదనాన్న అనుకుందాం. ఆయనకి పిల్లల పేర్లు గుర్తుండవు, అంకెలు గుర్తుంటాయి. "సుబ్బలక్ష్మి రెండోవాడు" అంటే తెల్లమొహం వేస్తారు. "ఫస్టియర్‌లో 470కి 436" అనండి, "ఓ, వాడా! మ్యాథ్స్ వన్ బీలో పోయాయి కదూ" అని వాడి కన్నతల్లికంటే ముందు గుర్తుపడతారు. ఫలితాల సీజను ఆయనకి పండగ. పాస్‌పోర్టు ఫొటోల తోరణాలు కట్టుకుని పేపర్ మొదటి పేజీలో వచ్చే కాలేజీ ప్రకటనలని మనం తిప్పేస్తాం, ఆయన కళ్లజోడు పెట్టుకుని అట్టడుగు వరస దాకా చదువుతారు. టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అంటూ గుక్క తిప్పుకోకుండా ర్యాంకులు చదువుతుంటే విష్ణు సహస్రనామం వింటున్నట్టు కళ్లు మూసుకుంటారు. తన ఎస్సెస్సీ మెమోకి లామినేషన్ చేయించి బీరువాలో పట్టుచీరల కింద దాచుకున్నారు. అందులో ఎంతొచ్చాయో మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

అలాంటి పెదనాన్న ముందు ఇంటర్‌లో 61 శాతం తెచ్చుకున్న కుర్రాడు నిలబడి "పైలట్ అవుదామనుకుంటున్నా పెదనాన్నా" అన్నాడనుకోండి. 61 శాతానికి ఏ కాలేజీ వస్తుందో, ఏ బ్రాంచి వస్తుందో ఆయనకి కంఠతా వచ్చు. విమానం వస్తుందా అన్నది మాత్రం ఆయన చూసిన ఏ కౌన్సెలింగ్ పుస్తకంలోనూ లేదు. తెలియదని ఒప్పుకునే అలవాటు లేదు కాబట్టి, "నీ మార్కులకి సివిల్ బ్రాంచే కష్టం, విమానం ఎవడిస్తాడ్రా?" అంటారు. వెటకారంగా అన్నా ఆ ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. లక్షలు పోసే చదువు, కూలితే వందల ప్రాణాలు పోయే ఉద్యోగం. మార్కులు చూడకుండా ఎలా ఇస్తారన్నది న్యాయమైన అనుమానమే. నాకు తోచిన జవాబు ఇది: ఈ దారిలో మార్కులు ఉన్నాయి గానీ గీతల్లా ఉన్నాయి, ర్యాంకుల్లా లేవు. పెదనాన్నకి గీత అంటే తెలియదు. ఆయన జీవితమంతా ర్యాంకే.

మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ. దాని నియమాలు చేతికిస్తే మొదటి పేజీలోనే పెదనాన్నకి నీరసం వస్తుంది. 18 ఏళ్లు నిండాలి, ఇంటర్ ఫిజిక్స్, మ్యాథ్స్‌లతో పాసవ్వాలి. "పాసంటే, ఎంతతో?" పాసవ్వాలి, అంతే. కామర్స్ చదివినవాళ్లు ఓపెన్ స్కూల్లో ఆ రెండు సబ్జెక్టులూ కట్టి రాసుకొచ్చి చేరుతున్నారు. డిగ్రీ ఊసే లేదు. ఆ తర్వాత నావిగేషన్, వాతావరణం, నిబంధనలు, విమాన యంత్రాల సంగతులు, ఇలా పేపర్లుంటాయి. ఒక్కోదాంట్లో నూటికి 70 రావాలి. రేడియోలో మాట్లాడ్డానికి వేరే లైసెన్సు, పైగా 200 గంటలు ఎగిరి ఉండాలి. పేపర్లలో 70 వచ్చినవాడికీ 98 వచ్చినవాడికీ దొరికే లైసెన్సు ఒకటే, దాని మీద మార్కులు అచ్చువేయరు. మన బోర్డు 35తో గట్టెక్కిస్తుంది కాబట్టి 70 అంటే ఎత్తైన గీతే, ఒప్పుకోవాలి. కానీ దాటాక, ఎంత ఎత్తునుంచి దాటావని అడిగేవాడు లేడు. ఎంసెట్ అలా కాదు. అక్కడ నీకెంత వచ్చినా పక్కవాడికి అంతకంటే ఎక్కువొస్తే నువ్వు వెనకబడ్డట్టే. దశాబ్దాలుగా ఆ లెక్కలో నానిన మనసుకి "ఇంత వస్తే చాలు" అనే పరీక్ష అసలు పరీక్షలాగే కనిపించదు, పంచాయతీ ఆఫీసులో ఇచ్చే సర్టిఫికెట్‌లా కనిపిస్తుంది.

అలాగని మెమో ఎవరికీ పట్టదని కాదు. డీజీసీఏ పేపర్లు రాయాలంటే ముందు కంప్యూటర్ నంబర్ అనేదొకటి తెచ్చుకోవాలి. దానికి జెరాక్స్ మీద గెజిటెడ్ సంతకం పెట్టించి పంపితే సరిపోదు. ఆ మెమో నిజమైనదేనని బోర్డు చేత చెప్పించాలి. ఎంతొచ్చాయన్న దానికంటే నిజంగా వచ్చాయా అన్నది అక్కడ పెద్ద ప్రశ్న. అదెందుకు పెద్దదో 2011లో దేశమంతా చూసింది. గోవాలో ఒక విమానాన్ని వెనక చక్రాలకి బదులు ముందు చక్రం మీద దించిన తీరుపై విచారణ మొదలైతే, తీగ లాగినట్టు, పై స్థాయి లైసెన్సు కోసం దొంగ మార్కుల పత్రాలు పెట్టారన్న కేసులు బయటపడ్డాయి. ఢిల్లీ పోలీసులు పైలట్లను అరెస్టు చేశారు, మిగతావాళ్ల కాగితాలన్నీ తిరగేయాల్సి వచ్చింది. ఈ కథ వింటే పెదనాన్న గెలిచినట్టు తొడ చరుస్తారు: "చూశావా, మార్కుల్లేనివాడు ఎంత పని చేశాడో!" నేననేది ఏమిటంటే, ఆ గీత దాటనివాడు లోపలికొస్తే ప్రమాదమే, అందుకే అది గీత అయింది. అంతమాత్రాన 98 వచ్చినవాడు 70 వాడికంటే మెత్తగా దించుతాడని అర్థం కాదు. ఇక గీతలన్నీ మార్కులవీ కావు. పైలట్లకి చేసే క్లాస్ వన్ మెడికల్‌లో, రంగులు తేడా తెలుస్తున్నాయో లేదో చూసే ఇషిహారా పుస్తకం తెరుస్తారు. ఎరుపు, ఆకుపచ్చ చుక్కల గుంపులో 74 అనే అంకె దాక్కుని ఉంటుంది. ఆ 74 కనబడనివాడికి మెమోలో 99 ఎంత నల్లగా అచ్చయినా లాభం లేదు. మన ఊళ్లలో స్టేట్ ర్యాంకరుకి మించిన మనిషి లేడు, కానీ ఆ చుక్కల ముందు ర్యాంకరూ సప్లీ రాసినవాడూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

సరే, లైసెన్సు వచ్చింది, ఉద్యోగం సంగతేమిటి? ఎయిర్‌లైన్లు రాతపరీక్ష పెడతాయి, చురుకుదనానికీ మనస్తత్వానికీ కంప్యూటర్ మీద పరీక్షలు పెడతాయి, ఇంటర్వ్యూ చేస్తాయి, చాలాచోట్ల సిమ్యులేటర్‌లో కూర్చోబెడతాయి. ఆ పెట్టెలోకి తొంగి చూస్తే పెదనాన్న లెక్క ఎక్కడ తప్పుతుందో తెలుస్తుంది. ఆటోపైలట్ తీసేసి, ఇంత ఎత్తు, ఇంత వేగం, ఈ దిక్కు, మూడూ చెదరకుండా పట్టుకోమంటారు. కుర్రాడు ఎత్తు సరిచేస్తుంటే వేగం జారుతుంది, వేగం పట్టుకుంటే దిక్కు పోతుంది. తప్పు రాకుండా ఎవరూ ఎగరరు. తప్పు జరిగిందని ఎంత త్వరగా గమనించాడు, పైకి చెప్పాడా, కంగారుపడి కంట్రోల్ స్టిక్‌ని అటూ ఇటూ కుమ్మాడా అన్నది వెనక సీట్లో కూర్చున్నాయన రాసుకుంటాడు. తప్పు రాస్తే కొట్టేసి, కొట్టేసింది కనపడకుండా మళ్లీ కొట్టేసే మన పరీక్ష హాలు అలవాటు అక్కడ పనికిరాదు. వీటన్నిటికంటే బలమైంది మరొకటుంది, అది కుర్రాడి చేతిలో అసలే లేదు: ఏ సంవత్సరం లైసెన్సు చేతికొచ్చింది? 2012 చివర్లో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. వేల గంటలు ఎగిరిన కెప్టెన్లే ఉద్యోగాలకి వెతుక్కుంటుంటే 200 గంటల పిల్లాడి దరఖాస్తు ఎవరు చూస్తారు? అదే 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకి ఆర్డర్లిచ్చాయి. ఆ 470 చూసి పెదనాన్న ఇంటర్ ఫస్టియర్ అనుకుంటారేమో గానీ, పైలట్ కుర్రాళ్లకి దానికంటే మంచి మార్కు ఇంకోటి లేదు. ఇక బేగంపేట అకాడమీ కావచ్చు, విదేశాల్లో కావచ్చు, శిక్షణ మొత్తానికి యాభై లక్షలు దాటే ఖర్చు. ఆ పైన ఎయిర్‌బస్‌కో బోయింగ్‌కో టైప్ రేటింగ్ అనే విడి శిక్షణ. పెదనాన్న అడగాల్సిన ప్రశ్న "ఎంతొచ్చాయిరా?" కాదు, "ఎంతవుతుందిరా?" అది మాత్రం ఆయన అడగరు. అడిగితే షూరిటీ సంతకం పెట్టాల్సొస్తుందని భయం.

ఆయన పక్షాన చెప్పాల్సిన మాటలూ లేకపోలేదు. కొన్ని ఎయిర్‌లైన్లు కుర్రాళ్లని ఇంటర్ అవగానే తీసుకుని తామే తయారుచేసే క్యాడెట్ పథకాలకి ఇంటర్‌లో ఇంత శాతం రావాలని పెడతాయి. అది సామాన్యంగా యాభై దగ్గర్లో ఉండే అంకె, మన 61 వాడు హాయిగా దాటతాడు. అదీ గీతే. రెండోది, ఇంతకంటే బరువైంది: చదవడం చేతకానివాడు ఈ ఉద్యోగంలో బతకలేడు. దిండంత లావు మాన్యువళ్లుంటాయి, ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో పరీక్షకి కూర్చోవాలి, ఏటేటా మెడికల్, ఒక్కసారి తప్పినా ఆ క్షణం నుంచి నేలమీదే. ఇంజనీరు కాలేజీ గేటు దాటాక పుస్తకం ముట్టకపోయినా రిటైరవ్వచ్చు, పైలట్‌కి ఆ సుఖం లేదు. కాబట్టి ఇంటర్‌లో నిలకడగా చదివిన అలవాటు తప్పకుండా పనికొస్తుంది. ఆ అలవాటుకి మార్కులు ఒక గుర్తు. గుర్తు మాత్రమే, ఎందుకంటే మన ఇంటర్ మార్కుల్లో కొంత వాటా హాస్టల్ వార్డెన్‌ది, కొంత తెల్లవారుజామున నాలుగింటికి కొట్టే గంటది. వార్డెన్ కాక్‌పిట్‌లోకి రాడు.

అమెరికా మాటెత్తితే పెదనాన్న మళ్లీ లేచి కూర్చుంటారు, డాలస్‌లో మేనల్లుడున్నాడు కదా. అక్కడ పెద్ద ఎయిర్‌లైన్లు చాలాకాలం నాలుగేళ్ల డిగ్రీ అడిగాయి. డెల్టా 2022లో దాన్ని తప్పనిసరి జాబితాలోంచి తీసి, ఉంటే మంచిది అన్న జాబితాలో పెట్టింది. దరఖాస్తులో జీపీఏ గడి ఉండొచ్చు, మరీ తక్కువైతే ఎందుకని అడగొచ్చు. కానీ చట్టం దగ్గరికొస్తే డిగ్రీకి కచ్చితమైన తూకముంది. ఎయిర్‌లైన్‌లో చేరాలంటే మామూలుగా 1,500 గంటలు ఎగరాలి. విమానయానం ప్రధానాంశంగా, గుర్తింపు ఉన్న కాలేజీలో నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లకి 1,000 చాలు. అంటే డిగ్రీ విలువ 500 గంటలు. క్లాసులో ఫస్టొచ్చినవాడికి ఇంకో పది గంటలు తగ్గించరు. ఈ 1,500 నిబంధన వెనక 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర 50 మంది ప్రాణాలు పోయిన కోల్గన్ ఎయిర్ విమాన ప్రమాదముంది. దర్యాప్తులో ఆ విమానం కెప్టెన్ అంతకుముందు ఎన్నో చెక్‌రైడ్‌లు, అంటే ఎగిరి చూపించాల్సిన పరీక్షలు, తప్పాడనీ, వాటిలో కొన్ని ఎయిర్‌లైన్‌కి చెప్పలేదనీ తేలింది. అప్పటినుంచి పైలట్ల రికార్డులని ఎయిర్‌లైన్లు ఒకేచోట చూసుకునే ఏర్పాటు కోసం చట్టం చేశారు. అక్కడ వెంటాడే మార్కు కాలేజీది కాదు, గాల్లో తప్పిన పరీక్షది. ఆ బఫెలో ప్రమాదానికి ఒక నెల ముందు, ఇంజన్లు రెండూ ఆగిన విమానాన్ని హడ్సన్ నది మీద దించి 155 మందిని బతికించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ డిగ్రీ సైకాలజీలో. పెదనాన్న భాషలో చెప్పాలంటే ఆర్ట్స్ గ్రూపు. అయితే ఆయన ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో విమానం నడపడంలో మేటి అనిపించుకున్న క్యాడెట్, అది దాచి వాదించడం అన్యాయం.

ఆఖరి ఆక్షేపణ అందరికీ ఉన్నదే: "ఏమన్నా చెప్పు, టాపర్ నడిపితే ఒక ధైర్యం." 1977 మార్చిలో టెనెరిఫేలో రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది పోయారు. టేకాఫ్‌కి కదిలిన విమానం కెప్టెన్ ఆ ఎయిర్‌లైన్‌లో మిగతా పైలట్లకి శిక్షణ ఇచ్చే పెద్ద, కంపెనీ ప్రకటనల్లో కనిపించిన ముఖం. ముందున్న విమానం రన్‌వే ఖాళీ చేసిందా అని కాక్‌పిట్‌లో వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీరు అనుమానపడ్డాడు, ఖాళీ చేసిందని జవాబొచ్చింది, చక్రాలు ఆగలేదు. అందులో పొగమంచు తప్పూ ఉంది, రేడియోలో కలిసిపోయిన మాటల తప్పూ ఉంది. ఆ తర్వాతి ఏళ్లలో ఎయిర్‌లైన్లు కాక్‌పిట్‌లో చిన్నవాడు నోరు విప్పడం, పెద్దవాడు వినడం అనే విషయాన్నే ఒక పాఠంగా పెట్టి నేర్పడం మొదలెట్టాయి. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తకూడదని పెంచిన పెదనాన్నకి ఈ సిలబస్ వింటే ఒళ్లు మండుతుంది. పైకి చెప్పరు గానీ, ఆయన దేవుడిలా కొలిచే జేఆర్‌డీ టాటాకి కాలేజీ డిగ్రీ లేదు. 1929లో ఈ దేశంలో ఒకటో నంబర్ పైలట్ లైసెన్సు ఆయనది. "టాటాల బిడ్డకి డిగ్రీ ఎందుకోయ్" అంటారు పెదనాన్న, ఆ ఒక్కమాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

ఎవరేం చెప్పినా ఆయన మారరు. మేనల్లుడింటికి వెళ్లడానికి శంషాబాద్‌లో విమానమెక్కుతారు, కిటికీ సీటు. బెల్టు పెట్టుకుని, చెప్పులు సీటు కిందికి నెట్టి, జేబులోంచి నిమ్మకాయ తీసి వాసన చూస్తారు. ఇంతలో స్పీకర్లోంచి కెప్టెన్ గొంతు వినిపిస్తుంది: ఇంత ఎత్తులో వెళ్తాం, దారిలో కాస్త కుదుపులుండొచ్చు, బెల్టులు తీయకండి. ఎవరో పాతికేళ్ల గొంతు, వెనక కాస్త తెలుగు యాస. పెదనాన్న చెవి ఒగ్గి విని, నిమ్మకాయ జేబులో పెట్టుకుని, పక్క సీటాయన వైపు వంగుతారు.

"ఏమండీ, కుర్రాడికి ఇంటర్‌లో ఎంతొచ్చి ఉంటాయంటారు?"