కేటలాగు పిల్ల

అమ్రోలిలో ఉండే మా పెద్దమ్మ కూతురికి ఫోటో అంటే పడదు. ఇంట్లో పెళ్ళయినా, వాడలో బతుకమ్మ అయినా, ఎవరిదో ఫోను పైకి లేచిందంటే చాలు, పిల్లల్ని ముందుకు తోసి తను వెనక్కి జరుగుతుంది. 2006 ఆగస్టులో ఉకాయి డ్యాం నీళ్ళు వదిలితే తాపీ పొంగి సూరత్‌ను ముంచేసింది. అప్పుడు వాళ్ళింట్లో బియ్యంతో పాటు పెళ్ళి ఆల్బమూ నానిపోయింది. అక్క బియ్యం కోసం ఏడ్చింది. ఆల్బమ్ సంగతి అడిగితే, "పీడ పోయింది. అండ్ల నా మొఖం సూడబుద్ధి కాకపోయేది" అంది.

కరీంనగర్ వైపు నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకు వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాల్లో వాళ్ళదొకటి. మనవాళ్ళు అక్కడ ఎంతగా పాతుకుపోయారంటే, సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. బావ మగ్గాల మీద పనిచేస్తాడు. అక్క ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తుంది. సేఠ్ మనిషి మూట తెచ్చి గుమ్మంలో పడేసి పోతాడు. చీర అయిదున్నర మీటర్లు, ఆపైన జాకెట్టు గుడ్డ. బార్డరు పొడవునా గమ్ము చుక్క పెట్టడం, దానిమీద రాయి కూర్చోబెట్టడం. కూలి చీరకింత అని. రాయి వంకర పోతే చీర వెనక్కొస్తుంది, కూలి కోస్తారు. అందుకని పొద్దంతా తప్పు ఎక్కడుందా అని వెతుకుతూనే ఉంటుంది. సాయంత్రం మొహం కడుక్కుని అద్దం ముందు నిలబడ్డాక కూడా ఆ వెతుకులాట ఆగదు.

"మంగు మచ్చలు దిగినయి. మెడ నల్లగయింది. రెక్కలు సూడు, రోకండ్లు."

అద్దం పక్కనే క్రీము ట్యూబు. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీగా మార్కెట్లోకి వచ్చిన ఆ క్రీము 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. అక్క ఇప్పటికీ పాత పేరుతోనే అడుగుతుంది, కొట్టువాడూ తడుముకోకుండా ఇస్తాడు. డవ్ సబ్బు కూడా ఆ కంపెనీవాళ్ళదే. 2013లో ఆ సబ్బు ప్రకటన ఒకటి లోకమంతా తిరిగింది. పోలీసులకు నేరస్థుల బొమ్మలు గీసిన అనుభవమున్న చిత్రకారుడు ఆడవాళ్ళ మొహం చూడకుండా, ఆనవాళ్ళు వింటూ బొమ్మలు వేశాడు. ఎవరి ఆనవాళ్ళు వాళ్ళు చెప్పినప్పుడు ఒకటి, అప్పుడే పరిచయమైనవాళ్ళు చెప్పినప్పుడు ఇంకొకటి. పరాయివాళ్ళు చెప్పిన బొమ్మలే బాగా వచ్చాయి. తెల్లబడమని క్రీము, ఉన్నట్టే బాగున్నావని సబ్బు! రెండూ అమ్ముకోవడం ఆ కంపెనీకే చెల్లింది. కానీ ఆ ప్రకటనలో కొంత నిజం లేకపోలేదని అక్క మేనల్లుడి పుణ్యాన అమ్రోలిలోనే చూశాను.

వాడు నది దాటి రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌కు వెళ్ళి, ఒక దుకాణంలో కంప్యూటర్ మీద చీరల కేటలాగులు తయారుచేస్తాడు. నేను వెళ్ళిన రోజు, అక్క రాళ్ళంటించిన చీరల కేటలాగే పట్టుకొచ్చాడు. అక్క కళ్ళద్దాలు పెట్టుకుంది. మోడల్ పిల్ల ముక్కు, మెడ, నడుము వరసపెట్టి మెచ్చుకుంది.

"ఆ పిల్ల నా పక్కనే కూసుంటదత్తా," అన్నాడు వాడు. "మెడ మీద గీత తియ్యి, మోచెయ్యి తెల్లగ జెయ్యి అని పానం తీస్తది."

"దానికేం తక్కువరా? పిచ్చిది!"

పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. ఆ పేజీలో మొహం లేదు. బార్డరు మీద రాళ్ళు మెరుస్తున్నాయి. వాటి మీద ఆనీ ఆననట్టు నాలుగు వేళ్ళు.

"సూడే చెల్లె, ఏళ్ళంటే ఇవి. సన్నగ, పొడుగ్గ. పుట్టినకాన్నుంచి పని ఎరుగని చెయ్యి."

వాడు నావైపు చూసి నవ్వాపుకున్నాడు. "అది మోడల్‌ది కాదత్తా. ఆమె టైం అయిపోయిందని లేచి పోయింది. బార్డరు దగ్గరి నుంచి తీసిన ఫోటో లేదని సేఠ్ ఒకటే లొల్లి. మొన్న నువ్వు రాళ్ళు పెడుతుంటే నేను ఫోన్ల తీసిన గదా, నువ్వు తిట్టినవు. గదే పెట్టిన. గోటికాడ గమ్ము ఒక్కటి తుడిచిన, ఇంకేం ముట్టలే."

ఫోనులో అసలు ఫోటో చూపించాడు. పైకి నెట్టుకున్న ఆమె గాజులు, చాప, గమ్ము డబ్బా, అన్నీ ఉన్నాయి. కాదనడానికి లేదు.

అక్క కేటలాగు పట్టుకుని కిటికీ దగ్గరికి పోయింది. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. మొహం విప్పారుతుందనుకున్నాను.

"అందుకే," అంది. "సూడంగనే అనుకున్న. చిటికెనేలు జర వంకరున్నది. గోర్లు మొద్దుగున్నయి. నలుపు గుడ కొడుతున్నది. మంచి కేటలాగు పాడుజేసినవు గదరా!"

"సేఠ్‌కు మస్తు నచ్చిందత్తా. వచ్చే డిజైనుకు గుడ గీ చెయ్యే గావాలంటుండు. మోడల్‌కయితే గంటకింత అని ఇస్తరు. నువ్వు ఊ అను, నేను అడుగుత."

"ఈ చేతికి పైసలా? ఊకో, నలుగురు నవ్వుతరు."

రెండో కేటలాగు కూడా వచ్చేసింది. అందులోనూ అక్క చెయ్యే ఉంది. దానికి ఎవరూ పైసా ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. ఆ చీరలకు రాళ్ళు కూడా ఆమే అంటిస్తోంది, పాత కూలికే.