నేను బరంపురం ‘మెడికల్’ మంచాన్ని

నేను ఇనుప మంచాన్ని. మా బోర్డు మీద మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి అని ఉంటుంది గాని, గంజాం జిల్లాలో జనం నోట మేము ‘మెడికల్’. "మెడికల్‌కి పట్టుకుపోండి" అంటే ఆటోవాడు ఇంకేమీ అడగడు. కళాశాల 1962లో మొదలైంది. ఆ తొలినాళ్ల సామానులో వచ్చిన నన్ను ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్కన వేశారు. రంగులు మారాయి, పరుపులు మారాయి. నా మీద పడుకున్నవాళ్లు చెప్పుకున్న బాధలే నా చదువు.

అంతకు ముందు ఇక్కడి రోగికి పెద్ద వైద్యమంటే రైలెక్కడమే. ఇటు విశాఖపట్నంలో 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాల, అటు కటకంలో 1944 నాటిది. ఊళ్లో బాప్టిస్టు మిషన్ వారి క్రైస్తవ ఆసుపత్రి ఆడవాళ్లకు, పిల్లలకు దిక్కుగా ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు రాజధానిలోదే. హద్దు గీసి రాష్ట్రాలు వేరు చేశారు గాని, ఆంధ్ర వైపున్న ఇచ్ఛాపురం వాళ్లకు ఇప్పటికీ చేరువ ఊరు బరంపురమే. పాము కరిచినా, కాన్పు కష్టమైనా ఇటే వస్తారు. ఆ వైపే ఉన్న ఉద్దానం పల్లెల కిడ్నీ రోగులూ ఏళ్ల తరబడి ఇటు కొందరు, విశాఖ కొందరుగా తిరిగారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారని విని నా ప్రాణం కుదుటపడింది.

నాకు బాగా దగ్గరైనవాళ్లు గోపాలపూర్ ఆడవాళ్లు. పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, సముద్రం ఒడ్డున నోలియాల, అంటే జాలరుల, పేట వాళ్లది. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు చేపల గంప ఎత్తుకుని అమ్ముకొస్తారు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. గంపకు ధర చెప్పేటప్పుడు ఒడియా గలగలా వస్తుంది. నొప్పులు మొదలయ్యాక ఆ భాష నోట రాదు. "నడుం కాడ పీకేస్తంది తల్లీ, కాళ్లు లాగేస్తన్నాయి" అని తెలుగే వస్తుంది. కటకం వైపు నుంచి వచ్చిన చిన్న డాక్టరమ్మ పక్కనున్న ఆయా మొహం చూస్తుంది. ఆయా రెండు మాటల్లో విప్పి చెబుతుంది. అప్పుడు డాక్టరమ్మ చెయ్యి సరైన చోట పడుతుంది. వైద్యం అక్కడే మొదలైందని నేను నమ్ముతాను.

మరి కొండల మీది నుంచి వచ్చేవాళ్లు? గజపతి జిల్లా గుమ్మ వైపు సవరలు, కంధమాల్ నుంచి కుయి మాట్లాడేవాళ్లు నా మీద ఎందరో పడుకున్నారు. సవర తల్లి తన బాధ చెప్పుకోబోయి, వినేవాళ్ల కళ్లలో ఏమీ కనబడక మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే నా ఇనుము కూడా తట్టుకోలేదు. అప్పుడు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చి, వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. జ్వరానికి మింగిన క్వినైన్ ఆయన వినికిడిని తినేసింది. అంత ఖరీదు పెట్టి ఆయన సంపాదించింది మన ఆసుపత్రులకు అక్కరకు రావాలి కదా!

ఆ మలేరియా నాకూ పాత పరిచయమే. వణికే ఒళ్లు నన్నే ఊపేసేవి. 2016లో ఒడిశాలో 4 లక్షల పైచిలుకు కేసులు. 2017లో ‘దమన్’ పేరుతో మారుమూల పల్లెలకే వెళ్లి, జ్వరం లేనివాళ్లకు కూడా రక్తపరీక్ష చేసి మందులిచ్చారు, దోమతెరలు పంచారు. 2019కి కేసులు 40 వేల లోపుకు దిగాయి. 2015లో ‘నిరామయ’ వచ్చాక ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇవ్వసాగారు. అంతకు ముందు చీటీ చేత్తో పట్టుకుని, కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకున్న అత్తల్ని చూసినదాన్ని కనుక ఆ పథకం విలువ నాకు తెలుసు.

తుపాన్ల మాట చెప్పాలి. 1999 అక్టోబర్ 17న ఒకటి గోపాలపూర్‌ని కొట్టింది. పన్నెండు రోజులకే పారాదీప్ వైపు మహా తుపాను వచ్చి దాదాపు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ మళ్లీ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు మించింది. కాని ఈసారి ముందే దాదాపు 10 లక్షల మందిని తరలించారు. నెలలు నిండినవాళ్లను వెతికి వెతికి ఆసుపత్రులకు చేర్చారు. ఆ ఏడు మార్చిలోనే 108 బండ్లు రోడ్డెక్కాయి. ఇంత గాలికీ చనిపోయినవాళ్లు పదుల్లోనే ఉన్నారు. ముందు జాగ్రత్తను మించిన వైద్యం నేను చూడలేదు.

తుపానులాగే 2020లో కరోనా వేళ సూరత్ మగ్గాల నుంచి రైళ్లలో తిరిగొచ్చిన మా గంజాం కుర్రాళ్ల కాలమూ గడిచింది.

ఇప్పుడు నా కోరిక ఒకటే. సవర వచ్చినవాళ్లు ఒకరు, కుయి వచ్చినవాళ్లు ఒకరు, తెలుగు వచ్చినవాళ్లు ఒకరు, రాత్రి పూట కూడా అత్యవసర విభాగం గుమ్మంలో ఉండాలి. వాళ్లకు జీతమివ్వాలి. డాక్టరు, నర్సుల పేర్ల కిందనే డ్యూటీ చార్టులో వాళ్ల పేర్లూ రాయాలి.