కుక్క ఉన్నది, జాగ్రత్త! (సటీకా తాత్పర్యము)

మూలము: ‘కుక్క ఉన్నది. జాగ్రత్త!’

అవతారిక: ఇది తడలో ఒక ఇంటి గేటుకు కట్టిన రేకు మీద ఎర్రరంగుతో రాసిన వాక్యం. కవి పేరు లేదు. అడుగున పెయింటరు సెల్ నంబరు ఉంది గాని, అతడు లేఖకుడే తప్ప కవి కాడు. మూలంలో లేనిది రాయనని కోలాచల మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన కాళిదాసుకు రాశాడు, అక్కడ సరుకుంది. మూడు మాటల మూలానికి టీక రాసేవాడు అలాంటి నియమం పట్టుకుంటే పూట గడవదు.

ప్రతిపదార్థము: కుక్క = శునకము, అనగా చెవి తెగిన గోధుమరంగు నాటుకుక్క; ఉన్నది = కలదు; పగలు గేటు లోపల, రెండు పూటలా రైల్వేస్టేషనులో కలదు; జాగ్రత్త = ఒళ్లు దగ్గర పెట్టుకొనుడు.

తాత్పర్యము: ఓ గ్యాసుబండ అన్నా! ఓ పార్శిలు తెచ్చిన అబ్బాయీ! ఇంట్లో యజమాని ఉన్నాడని కవి అనలేదు. ఉండడు గనుక. తెల్లారగానే సూళ్లూరుపేట నుంచి వచ్చే చెన్నై లోకల్ ఎక్కుతాడు, పొద్దుగూకితే గాని దిగడు. అందాకా ఇంటికి దిక్కు ఇదొక్కటే అని భావము.

పూర్వపక్షము: ప్లాట్‌ఫారం మీద అది కాచుకునేది యజమాని కోసం కాదు, టీకొట్టువాడు విసిరే బన్ను కోసం అని కొందరు. ఈ నింద పాతదే. టోక్యోలో ఉఎనో అనే ప్రొఫెసరు 1925లో పోయాక, ఆయన కుక్క హచికో 1935లో తాను చచ్చేదాకా షిబుయా స్టేషనుకు వస్తూనే ఉండింది. దాన్నీ కాల్చిన కోడిమాంసం కోసమే వస్తోందన్నారు. చచ్చాక చూస్తే కడుపులో మాంసం గుచ్చే పుల్లలు దొరికాయి కూడా.

సమాధానము: అయితే ఏమి? ఆ యజమాని నెలనెలా జీతం తీసుకుంటున్నాడు. అందుచేత పెళ్లాంబిడ్డల మీద ప్రేమ లేదందామా? పైగా కుక్కా మనిషీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాను శాస్త్రజ్ఞులు తేల్చారు. తల్లీబిడ్డల నడుమ ఊరేదీ అదే. ఇక బన్ను మాట ఎత్తరాదు.

విశేషము: కుక్క విశ్వాసానికి రాతి సాక్ష్యం ఉంది. తిరువణ్ణామలై వైపు ఎడుత్తనూరులో ఏడో శతాబ్దపు వీరగల్లు మీద యజమాని పక్కనే కోవివన్ అనే కుక్క నిలబడి ఉంది. ఇద్దరు దొంగలను కరిచి కాపలా కాసిందని శాసనం. కన్నడదేశంలో ఆతకూరు శాసనం మరీ ఘాటు: పదో శతాబ్దంలో అడవిపందితో పోరాడి చచ్చిన కాళి అనే కుక్కకు రాయి నిలిపి, దానికి పూజ చేయకుండా అన్నం తిన్న పూజారికి ఆ కుక్క చేసిన పాపం చుట్టుకుంటుందన్నారు.

మరి మనిషి విశ్వాసానికి? వెతగ్గా వెతగ్గా ధర్మరాజు దొరికాడు. మహాప్రస్థానంలో ఇంద్రుడు అపార్టుమెంటు సంఘం కార్యదర్శి మాదిరి ‘స్వర్గంలో కుక్కలవాళ్లకు చోటు లేదు’ అంటే, నమ్మి వెంట వచ్చినదాన్ని వదలను, రథం మీరే తీసుకుపొండి అన్నాడు. ఆ కుక్క చివరికి యమధర్ముడని తేలడం నాకంతగా రుచించదు. ఒట్టి కుక్క కోసం స్వర్గాన్నే కాదన్నాడు, అదీ గొప్ప. ఈ కథను తెలుగు చేసిన తిక్కన నెల్లూరివాడు, మా జిల్లావాడు. అంటే 2022 ఏప్రిల్ 4 దాకా. ఆ రోజు తడ తిరుపతి జిల్లాలో కలిసింది. ఆయన మీద మాకింకా హక్కుందో లేదో రెవెన్యూవారు తేల్చాలి. కుక్క మాత్రం పాత దారినే స్టేషనుకు పోతోంది.

కాబట్టి ‘జాగ్రత్త’ అన్నది బాటసారికి కాదని మా పక్షం. చెన్నైలో ఇల్లు చూసుకుందామనీ, అక్కడ కుక్కను రానివ్వరనీ ఈ మధ్య ఆ ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. గేటు తీస్తూ రోజూ ఆ రేకును చదవవలసినవాడు యజమానే.

పాఠాంతరము: ‘కుక్కలున్నవి’ అని చదవాలని పక్కింటివారు. గేటు ముందు రెండోది చేరిన మాట నిజమే. అది తమిళనాడు సరిహద్దు దాటి ఆరంబాకం నుంచి వచ్చింది. ‘రా’ అంటే కదలదు, ‘వా’ అంటే వస్తుంది. రేకు మార్చమని పెయింటరుకు కబురు పెట్టారు. బహువచనానికి రేటు వేరే అంటున్నాడు.